బియ్యం, పప్పుకు పేటెంటు లేదు

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. అక్కడి పొడి గాలి ఊపిరితిత్తులకు మంచిదన్న నమ్మకంతో ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం శానిటోరియం నెలకొల్పాయి. స్తోమత ఉన్న కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో తమవారిని తీసుకొచ్చి అక్కడ చేర్పించేవి. క్షయకు వైద్యమంటే అప్పట్లో నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పాలు, గుడ్లు. కొందరికి జబ్బుపడిన ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి, దాన్ని కొంతకాలం ముడుచుకునేలా చేసేవారు. చేరినవారిలో కొందరు కోలుకుని ఇల్లు చేరేవారు, కొందరు చేరేవారు కాదు. అసలు పడక దొరకడమే పెద్ద అదృష్టం.

ఆ అదృష్టం లేనివారే ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో దేశంలో క్షయ రోగులు లక్షల్లో ఉంటే, వారి కోసం ఉన్న పడకలు వేలల్లో ఉండేవి. కొత్త ఆసుపత్రులు కట్టి ఆ తేడాను పూడ్చడం ఏ ఖజానాకూ తలకు మించిన పనే. సరిగ్గా ఆ రోజుల్లోనే మందులు వచ్చాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్ బయటపడింది. తర్వాత పాస్ అని పిలిచే మందు, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మందుతో తగ్గే జబ్బయినప్పుడు మనిషిని ఏడాదిపాటు ఆసుపత్రిలో ఉంచడం అవసరమా? ఇంటి దగ్గరే ఉంచి మందులిస్తే సరిపోదా? పైకి చిన్న ప్రశ్నే, జవాబు మాత్రం ఎవరికీ తెలియదు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే చోట రోగి కోలుకుంటాడా, లేక పిల్లలకు కూడా అంటిస్తాడా? కడుపు నిండా తిండి లేని మనిషికి మందు పనిచేస్తుందా? దగ్గు కాస్త తగ్గగానే మాత్రలు మానేయడా?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికే 1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ (అంటే మందులతో చికిత్స) కేంద్రం పుట్టింది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే నేటి ఐసీఎంఆర్, అప్పటి మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి దాన్ని నడిపాయి. నగరంలోని పేద కుటుంబాల నుంచి 193 మంది రోగులను తీసుకున్నారు. ఎవరు శానిటోరియంకు వెళ్లాలి, ఎవరు ఇంటి దగ్గర ఉండాలి అన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. రెండు వర్గాలకూ అవే మందులు, ఏడాదిపాటు. శానిటోరియంలో ఉన్నవారికి విశ్రాంతి, నర్సుల పర్యవేక్షణ, మంచి భోజనం దక్కాయి. ఇంటి దగ్గరివారికి వాళ్ల ఇల్లు, వాళ్ల తిండి, వాళ్ల పని. కేంద్రం సిబ్బంది ముందుగా చెప్పకుండా ఇళ్లకు వెళ్లి డబ్బాలో మిగిలిన మందులు లెక్కపెట్టేవారు. నిజంగా మింగారో లేదో తెలుసుకోవడానికి మూత్రం నమూనా తీసుకునేవారు. ఒక శాస్త్రీయ ఫలితం వెనుక ఇలా గడప గడపా ఎక్కి దిగిన మనుషులు ఉంటారన్న సంగతి చాలామందికి తట్టదు. పరిశోధన నిధుల్లో పెద్ద భాగం వెళ్లేది ఇలాంటి మనుషుల జీతాలకే.

1959లో ఫలితాలు వచ్చాయి. ఏడాది ముగిసేసరికి రెండు వర్గాల్లోనూ అత్యధికులు కోలుకున్నారు. శానిటోరియం వర్గానికి దక్కిన మంచి తిండి, విశ్రాంతి చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలేదు. తర్వాత ఐదేళ్లపాటు కుటుంబ సభ్యులను గమనిస్తే, రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల వారికి ముప్పు పెరగలేదని కూడా తేలింది. ఇంట్లోవారికి అంటడం ఎక్కువగా జబ్బు బయటపడకముందే జరిగిపోతుంది. మందు మొదలయ్యాక రోగి నుంచి వ్యాపించే ముప్పు త్వరగా తగ్గిపోతుంది. ఈ రెండు సంగతులూ ఈనాడు వైద్య విద్యార్థులకు తొలి పాఠాలు. అప్పటికి మాత్రం ప్రపంచంలో ఎవరూ వాటిని ఇంత గట్టిగా నిరూపించలేదు.

ఆ తర్వాత శానిటోరియంల యుగం ముగిసింది. ఇక్కడే కాదు, సంపన్న దేశాల్లోనూ. కుటుంబానికి ఆధారమైన మనిషిని ఏడాదిపాటు వెలివేసినట్టు దూరంగా పంపే అవసరం పోయింది. ఈనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీబీ మందులు ఉచితంగా తీసుకుని బస్సెక్కి ఇంటికి వెళ్లే ప్రతి రోగీ ఆ 193 మందికి రుణపడి ఉన్నట్టే.

ఆ మద్రాసు ప్రయోగంలో భాగస్వామి అయిన బ్రిటన్ మండలి చరిత్ర కూడా క్షయతోనే మొదలైంది. 1911లో ఆ దేశం కార్మికులకు బీమా చట్టం తెచ్చినప్పుడు, క్షయ చికిత్సకు డబ్బు కేటాయిస్తూ, బీమా ఉన్న ఒక్కో కార్మికుడి తరఫున ఏడాదికి ఒక్క పెన్నీ పరిశోధనకు పక్కన పెట్టాలని అందులో రాశారు. పెన్నీ అంటే అక్కడి చిల్లర నాణెం. ఆ చిల్లర పోగై 1913లో వైద్య పరిశోధన కమిటీ అయింది, తర్వాత మండలి అయింది. స్ట్రెప్టోమైసిన్ నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చి, 1948లో ఫలితాలు ప్రకటించిన పేరుమోసిన యాదృచ్ఛిక పరీక్ష దానిదే. చీటీలు తీసినట్టు రోగులను విభజించే ఆ పద్ధతే తర్వాత మద్రాసుకు వచ్చింది. కార్మికుడి పేరున తీసిన పెన్నీ నలభై ఐదేళ్లకు మద్రాసు పేటల్లోని రోగికి అక్కరకు వచ్చింది. చట్టం రాసినవారు ఈ ఫలితాన్ని ఊహించి ఉంటారని ఎవరూ అనలేరు.

పరిశోధనకు డబ్బు పెట్టడంలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెట్టేది ఒకరు, ఫలం అందేది మరొకరికి, అదీ ఎప్పటికో. రోడ్డు వేస్తే ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. రాకుండా పోయిన జబ్బుకు శిలాఫలకం ఉండదు. పోలియో సోకకుండా పెరిగిన బిడ్డ తల్లి ఏ పరిశోధకుడికీ దండం పెట్టదు, ఎందుకంటే ఏం తప్పిందో ఆమెకు కనిపించదు. కాబట్టి ఈ ఖర్చు ఓట్ల లెక్కలోనూ, లాభాల లెక్కలోనూ వెనకబడుతుంది.

లాభాల లెక్కను కొంచెం దగ్గరగా చూడాలి. మద్రాసు ప్రశ్నకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? జవాబు వల్ల కొత్త మందు అమ్ముడుపోదు, కొత్త పరికరం అమ్ముడుపోదు. ఆదా అయ్యేది ప్రభుత్వానికీ, రోగికీ. మందుల పరిశ్రమను తిట్టి ప్రయోజనం లేదు. అది వ్యాపారం. తిరిగొచ్చే చోట పెట్టుబడి పెడుతుంది, అలా పెట్టినందువల్లే ఎన్నో గొప్ప మందులు జనానికి అందాయి కూడా. అయితే క్షయ పేదవాళ్ల జబ్బు. 1960ల్లో రిఫాంపిసిన్ వచ్చాక, కొత్త తరహాలో పనిచేసే క్షయ మందు బెడాక్విలిన్‌కు అనుమతి దొరికింది 2012లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో రక్తపోటుకూ కొలెస్టరాల్‌కూ ఎన్ని మందులు వచ్చాయో ఏ మందుల దుకాణం అరలు చూసినా తెలుస్తుంది. తెలివితేటలకు కొరత వచ్చి కాదు, కొనగలిగే రోగులు లేక. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఏటా మూడు లక్షల మందికి పైగా చనిపోతున్నారు. ఈ జబ్బు గురించి మన డబ్బుతో మనం ప్రశ్నలు వేసుకోకపోతే, మన కోసం వేరెవరో వేస్తారని కూర్చోవడం అమాయకత్వం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. ఆసుపత్రిలో దూదికీ సూదులకూ కటకటగా ఉన్న దేశంలో ప్రయోగశాలలకు కోట్లు ఎందుకు? ఆ డబ్బుతో నర్సులను వేసుకోవచ్చు కదా? నర్సులు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ మద్రాసు ప్రయోగం చేయకుండా ఆ డబ్బును పడకలకే ఖర్చు పెట్టి ఉంటే ఏమయ్యేది? మరికొన్ని వందల పడకలు వచ్చేవి. లక్షల మంది వరసలో అలాగే ఉండిపోయేవారు. బీద దేశానికి పరిశోధన విలాసం అనిపిస్తుంది. నిజానికి ఉన్న కాసిని రూపాయలు ఎక్కడ పెడితే ప్రాణాలు నిలుస్తాయో తెలుసుకోవలసిన అవసరం బీద దేశానికే ఎక్కువ.

‘లేదు’ అనే జవాబుకు కూడా విలువ కట్టాలి. 1968లో మద్రాసుకు దగ్గర్లోని చెంగల్పట్టు ప్రాంతంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మీద బ్రహ్మాండమైన పరీక్ష మొదలైంది. రెండున్నర లక్షల మందికి పైగా అందులో ఉన్నారు. కొందరికి అసలు టీకా, కొందరికి మందు లేని సూది. పదిహేనేళ్లపాటు గమనించారు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపడం లేదని తేలింది. ఎందరికో నిరాశ కలిగించిన ఫలితం అది. అయినా పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే క్షయ నుంచి, ఒళ్లంతా వ్యాపించే తీవ్ర రూపాల నుంచి బీసీజీ కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు ఈనాటికీ ఇస్తున్నారు. ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అన్న గీత అక్కడ స్పష్టంగా పడింది. ఏ టీకా కంపెనీ కూడా తన సరుకు పనిచేయదని తేల్చడానికి పదిహేనేళ్లు డబ్బు పోయదు.

ఈమధ్య కాలంలో ఇలాంటి ‘లేదు’ ఒకటి మనందరి ఇళ్ల దాకా వచ్చింది. కోవిడ్ మొదటి ఏడాది, కోలుకున్నవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మా ఎక్కిస్తే ప్రాణం నిలుస్తుందన్న ఆశ దేశమంతా పాకింది. ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో పరీక్ష జరిపించింది. మరణాలను గానీ, జబ్బు ముదరడాన్ని గానీ ప్లాస్మా తగ్గించడం లేదని తేలింది. 2020 అక్టోబరులో ఆ ఫలితం అంతర్జాతీయ పత్రికలో వచ్చింది కూడా. అయినా 2021 ఏప్రిల్‌లో రెండో అల విరుచుకుపడినప్పుడు హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఫోన్లన్నీ ప్లాస్మా దాతల కోసం పంపిన సందేశాలతో నిండిపోయాయి. అర్ధరాత్రి అపరిచితులకు ఫోన్లు చేసి, ఊళ్లు దాటి దాతలను తెచ్చుకున్న కుటుంబాలు ఎన్నో. జాతీయ చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే నెలలో. జవాబు చేతిలో ఉండి ఏడు నెలలు గడిచాయి. పరిశోధనకు డబ్బు పెట్టడం ఒక పని. తేలిన సంగతిని ఆసుపత్రి వార్డు దాకా, రోగి బంధువు చెవి దాకా చేర్చడం మరో పని. ఆ రెండో పనికి ఖర్చు కేటాయించాలన్న ఆలోచనే మన దగ్గర అరుదు. ఆ వేసవిలో ప్లాస్మా కోసం పరుగులు తీసిన గంటలు ఆ కుటుంబాలకు తమ మనిషి పక్కన గడపవలసిన గంటలు.

ఓపిక సంగతికి వస్తే, పసిపిల్లలకు తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా కనిపెట్టిన కథను మించిన ఉదాహరణ మన దగ్గర లేదు. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల వార్డులో వైద్యులు ఒక వింత గమనించారు. బిడ్డలకు రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు లేవు. పైగా ఆ బిడ్డలకు తర్వాత తీవ్రమైన రోటావైరస్ జబ్బు నుంచి రక్షణ దొరికినట్టు కనిపించింది. డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు ఆ వైరస్‌ను విడిగా తీసి భద్రపరిచారు. దానికి 116ఈ అని పేరు. అది మనిషి రోటావైరసే, పశువుల వైరస్ నుంచి ఒక్క జన్యువు కలిసింది. ప్రకృతి తానే బలహీనపరిచి ఇచ్చిన టీకా అది.

ఆ వార్డులోని గమనిక నుంచి, ఒడిశాలో, ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య కార్యకర్త ఆరు వారాల బిడ్డ నోట్లో వేసిన చుక్కల దాకా ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో ఏమి జరిగిందో చూస్తే డబ్బు ఎలా కదలాలో తెలుస్తుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, 1987లో మొదలైన భారత్-అమెరికా టీకా కార్యక్రమం తొలి పరిశోధనలను నిలబెట్టాయి. తయారీకి హైదరాబాదులోని భారత్ బయోటెక్ ముందుకొచ్చింది. 1999లో అమెరికాలో వేరే రోటావైరస్ టీకా వల్ల కొందరు పిల్లల్లో పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం బయటపడి, దాన్ని ఉపసంహరించారు. ఆ దెబ్బతో ఈ రంగమంతా వెనకడుగు వేసింది. అప్పుడు చేతులెత్తేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఎత్తేయలేదు. గేట్స్ ఫౌండేషన్, పాత్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ తోడయ్యాయి. 2011 నుంచి ఢిల్లీ, పుణె, వెల్లూరు ప్రాంతాల్లో 6,799 మంది పసిపిల్లలతో చివరి దశ పరీక్ష జరిగింది. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను టీకా సగానికి పైగా తగ్గిస్తోందని 2013లో తేలింది. డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే మాట ఇచ్చింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పేగు ప్రమాదం ఈ టీకాకు వర్తిస్తుందా అన్నది కూడా వదిలేయకుండా ఆ తర్వాత దేశవ్యాప్తంగా ఆసుపత్రుల్లో గమనించారు. సంబంధం కనిపించలేదు.

సగానికి పైగా అంటే సగం మిగిలిపోయినట్టే కదా అని పెదవి విరిచినవారు ఉన్నారు. టీకాకు ముందు మన దేశంలో ఏటా 78 వేల మంది పసిపిల్లలు రోటావైరస్‌తో చనిపోయేవారని అంచనా. అందులో సగం ఎంతో లెక్క వేసుకుంటే ఆ విరుపు నిలవదు. ముప్పై ఏళ్లలో ఏ ఒక్క ఐదేళ్ల ముక్క తీసుకుని చూసినా, ‘ఇంతవరకు ఏం సాధించారు’ అని అడిగే ఆడిటరుకు చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా ఎవరో ఒకరు ఆ దీపంలో నూనె పోస్తూ వచ్చారు.

ఆ నూనె మన దగ్గర ఎంత ఉంది? దేశం మొత్తం మీద అన్ని రకాల పరిశోధనలకూ పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆరోగ్య శాఖకు కేటాయించిన దాదాపు లక్ష కోట్ల రూపాయల్లో ఆరోగ్య పరిశోధన విభాగం వాటా సుమారు 3,900 కోట్లు. వందకు నాలుగు రూపాయలు. క్యాన్సర్, మధుమేహం, క్షయ, డెంగీ, ఉద్దానం కిడ్నీ జబ్బు లాంటి అంతుచిక్కని సమస్యలు, రేపు రాబోయే కొత్త వైరస్, అన్నీ ఆ నాలుగు రూపాయల్లోనే సర్దుకోవాలి. ఇతర శాఖలు, విభాగాలు కొంత పెడతాయి. 2023లో చట్టం చేసి అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థను కూడా ఏర్పాటు చేశారు. ఐదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు గానీ అందులో పెద్ద భాగం ప్రైవేటు రంగం నుంచి రావాలన్నది ఆలోచన. మద్రాసు లాంటి ప్రశ్నకు ప్రైవేటు రంగం ఎంత ఇస్తుందో పైన చూశాం.

మొత్తం ఎంత అన్నదానికంటే ఒక్కోసారి ఎప్పుడు అన్నదే ముఖ్యం. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37 వేల రూపాయలు. చదువులో ముందున్న, ఇరవై అయిదు దాటిన యువతీయువకులు దీని మీదే హైదరాబాదు, పుణె, ఢిల్లీ లాంటి నగరాల్లో అద్దె కట్టి బతకాలి. ఆ డబ్బు మూడు నాలుగు నెలలు రాకపోతే? ఫెలోషిప్ ఆలస్యాల మీద పరిశోధక విద్యార్థులు ఎన్నోసార్లు నిరసనకు దిగారు. ప్రయోగశాలలో కణాలు పెంచే పళ్లేనికి సెలవులుండవు. ఇంక్యుబేటర్‌లో ఉన్న కణాలకు రోజు మార్చి రోజు పోషక ద్రవం మార్చాలి, ఆదివారమైనా, జీతం రాకపోయినా. గ్రాంటు విడత మార్చిలో కాక జూన్‌లో వస్తే, ఈ మధ్యలో అయిపోయిన రసాయనాలు ఎవరో తమ జేబులోంచి కొంటారు, లేదా ప్రయోగం ఆగుతుంది. రోగులతో జరిపే పరీక్ష ఆగితే నష్టం ఇంకా పెద్దది. సగంలో ఆపేసిన మందుల పరీక్షలో పాల్గొన్నవారికి ఏమని చెప్పాలి? 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయం ఉన్నట్టుండి నిలిపివేసినప్పుడు, ఆ నిధులతో వేర్వేరు దేశాల్లో నడుస్తున్న క్షయ పరిశోధనలు ఇలాగే అర్ధంతరంగా ఆగాయి. ఒకే చేతి మీద ఆధారపడితే ఏమవుతుందో ప్రపంచం కళ్లారా చూసింది.

ప్రజల డబ్బు పెట్టినప్పుడు ప్రజలకు హక్కు కూడా ఉండాలి. ఇది మరిచిపోతున్న విషయం. పైన చెప్పిన బెడాక్విలిన్ అభివృద్ధిలో కంపెనీతో పాటు ప్రభుత్వాల, దాతృత్వ సంస్థల సొమ్ము పెద్ద ఎత్తున పడింది. అయినా చాలాకాలం ధర సామాన్యుడికి అందనంత ఎత్తులో ఉంది. 2023లో ఆ మందు మీద పేటెంటును పొడిగించుకునే ప్రయత్నాన్ని మన పేటెంటు కార్యాలయం తోసిపుచ్చింది. అభ్యంతరం దాఖలు చేసినవారిలో ఇద్దరు క్షయ నుంచి బయటపడ్డ యువతులు, ఒకరు భారత్‌లో, ఒకరు దక్షిణాఫ్రికాలో. చికిత్స వల్ల ఇద్దరూ వినికిడి కోల్పోయినవారే. ఆ పని వారి మీద పడకూడదు. డబ్బు ఇచ్చేనాడే ధర, సరఫరా షరతులు కాగితం మీద ఉండాలి. అది సాధ్యమేనని రోటావైరస్ టీకా చూపించింది. కోవాగ్జిన్ విషయంలో అమ్మకాల మీద రాయల్టీ ఐసీఎంఆర్‌కు వచ్చేలా ముందే ఒప్పందం రాసుకున్నారు. పెట్టిన 35 కోట్లకు 171 కోట్లకు పైగా తిరిగి వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

మళ్లీ మద్రాసు ఫలితం దగ్గరికి రావాలి, ఎందుకంటే ఆ కథకు రెండో భాగం ఉంది. తిండి సరిగా లేకపోయినా మందులు పనిచేస్తాయని ఆ ప్రయోగం చూపింది. నిజమే. కానీ కాలక్రమంలో ఆ మాట ‘క్షయలో తిండి అంత ముఖ్యం కాదు’ అన్న అర్థంలోకి జారింది. దశాబ్దాలపాటు టీబీ కార్యక్రమం మాత్రలు చేతిలో పెట్టి పంపింది, ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అని అడగలేదు. ఆకలితో ఒళ్లు చిక్కిన మనిషిలో, నిద్రపోతున్న క్షయ క్రిమి లేస్తుందని ఊళ్లో పెద్దవాళ్లకు కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన విధానం మారదు. ఎంత తిండి పెడితే ఎంత జబ్బు తగ్గుతుందో అంకెల్లో చూపాలి.

2019లో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ నాయకత్వంలో ఆ పని మొదలైంది. డబ్బు పెట్టింది ఐసీఎంఆర్. మద్రాసు కేంద్రానికి వారసురాలైన చెన్నై సంస్థ పరిశోధకులు కూడా ఇందులో ఉన్నారు. 2,800 మంది రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులు. రోగులందరికీ మందులతో పాటు నెలకు పది కిలోల సంచి ఇచ్చారు. అందులో బియ్యం, వేయించిన శనగల పిండి, పాలపొడి, నూనె. సగం కుటుంబాల్లో మాత్రం రోగి ఒక్కడికే కాక ఇంట్లో ప్రతి మనిషికీ ఇచ్చారు, పెద్దవారికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు. ఆ సంచులు చేరవలసింది అడవి గ్రామాలకు. మధ్యలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చిపడింది. అయినా సంచులు ఆగలేదు.

చికిత్సకు వచ్చిన రోగుల్లో ఐదుగురిలో నలుగురు ఉండవలసిన దానికన్నా తక్కువ బరువు. దాదాపు సగం మంది వైద్యులు ప్రాణాపాయంగా చూసేంత సన్నగా ఉన్నారు. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవారిలో మరణ ముప్పు అరవై శాతం దాకా తక్కువగా కనిపించింది. నలభై కిలోల మనిషికి ఐదు శాతమంటే రెండు కిలోలే. ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 నుంచి 48 శాతం దాకా తగ్గింది. ముప్పై ఇళ్లకు తిండి పెడితే ఒక క్షయ కేసు రాకుండా ఆగుతుంది. ఎన్నో టీకాలు కూడా గర్వంగా చెప్పుకోదగ్గ ఫలితమిది. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలు దీన్ని ప్రచురించాయి. బియ్యం, కందిపప్పు మీద ఎవరికీ పేటెంటు లేదు, ఎవరి వాటాల ధరా పెరగదు. ప్రజల డబ్బు లేకపోతే ఈ ప్రయోగం ఎప్పటికీ జరిగేది కాదు.

2024 నవంబరు నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగి ఖాతాలో వేసే మొత్తాన్ని నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ప్రయోగంలో పెద్ద ఫలితం కనిపించింది మాత్రం కుటుంబ సభ్యుల్లో. వారికి ఆహార కిట్లు ఇప్పటికీ ‘నిక్షయ్ మిత్ర’లుగా ముందుకొచ్చే దాతల చేతుల్లోనే ఉన్నాయి. దాత దొరికిన ఇంటికి సంచి వస్తుంది, దొరకని ఇంటికి రాదు.